భుజం ఎంఆర్ఐలో ‘పార్షియల్ టియర్’ (కొంతమేర చిరుగు) అని వచ్చింది. ఆపరేషనా, రెస్టా, నాటు కట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇది. వయసు 31. విశాఖలో రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం పొద్దున్నే ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) గ్రౌండ్‌లో లెదర్ బాల్ క్రికెట్. ఆరు వారాల కిందట బౌండరీ దగ్గర్నుంచి కీపర్‌కి నేరుగా త్రో కొట్టారు, కుడి భుజంలో చురుక్కుమంది. ఆ రోజు మ్యాచ్ ఎలాగో పూర్తిచేశారు. మర్నాటి నుంచి చొక్కా తొడుక్కోవాలన్నా, పై అరలో డబ్బా అందుకోవాలన్నా నొప్పి. రాత్రి ఆ పక్కకి తిరిగితే మెలకువ వచ్చేస్తోంది. ఎంఆర్ఐ తీయిస్తే ‘సుప్రాస్పైనేటస్ పార్షియల్ టియర్’ అని రాశారు. ఒక డాక్టరు గారు ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు మూడు నెలలు చెయ్యి వాడొద్దన్నారు, నాన్నగారేమో నాటు కట్టు కట్టించుకోమంటున్నారు. డిసెంబరు రెండో వారంలో ఆఫీసు టోర్నమెంట్. ఎవరి మాట వినాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: నొప్పితోనైనా మీ చెయ్యి మీ అంతట మీరే పూర్తిగా పైకి ఎత్తగలుగుతుంటే ఆపరేషన్‌కి తొందరేమీ లేదు. అలాగని మూడు నెలలు చెయ్యి ఊరికే ఉంచేస్తే ఇంకో సమస్య తెచ్చుకున్నట్టే. మీకు కావలసింది కనీసం 12 వారాల వ్యాయామం, మెల్లగా బరువు పెంచుకుంటూ. డిసెంబరులో బ్యాటింగ్ చేయగలరు, దగ్గర్లో ఫీల్డింగూ చేయగలరు. బౌండరీ నుంచి త్రో సంగతి మాత్రం సంక్రాంతి దాటాక చూద్దాం.

నేను సర్జన్ని కాను. ఫిజియోథెరపిస్టుని, విశాఖలో 19 ఏళ్లుగా ఇదే పని. అంతకుముందు కాలేజీ టీములో వాలీబాల్ ఆడేవాణ్ని, కాబట్టి భుజం నొప్పి ఇటునుంచీ తెలుసు, అటునుంచీ తెలుసు. మిమ్మల్ని చేత్తో పట్టుకుని చూడకుండా రాస్తున్న మాటలివి, ఆ తేడా గుర్తుంచుకునే చదవండి.

నా మాట నమ్మేముందు ఈ కింది వాటిలో ఏదైనా మీకు ఉందేమో చూసుకోండి. ఉంటే ఈ జవాబు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఎడమ చేత్తో కుడి చేతిని పక్కనుంచి భుజం ఎత్తు దాకా లేపి వదిలేయండి. చెయ్యి అక్కడ నిలవకుండా టపీమని పడిపోతోందా? పడిపోతుంటే టెండన్ (కండరాన్ని ఎముకకి అతికించే గట్టి పట్టీ) పూర్తిగా తెగి ఉండొచ్చు. కింద పడ్డాకే నొప్పి మొదలై, భుజం ఆకారం మారినట్టుంటే ఎక్స్‌రే తప్పనిసరి. నొప్పి మోచెయ్యి దాటి వేళ్ల దాకా తిమ్మిరిగా దిగుతూ, మెడ తిప్పితే ఎక్కువవుతుంటే అసలు గొడవ మెడలో ఉండొచ్చు. జ్వరంతో పాటు భుజం వేడెక్కి వాచినా ఆలస్యం చేయకూడదు. ఇంకొకటి, ఇది మీకోసం కాదు గానీ ఇక్కడ చదివే పెద్దవాళ్ల కోసం: ఎడమ భుజం నొప్పి చెయ్యి కదిపితే కాకుండా మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గుతుంటే అది భుజం కాకపోవచ్చు, గుండె కావచ్చు. కూర్చున్నా తగ్గకుండా చెమటలూ ఆయాసమూ తోడైతే 108కి ఫోన్ చేయాలి. బామ్ రాసుకుంటూ కూర్చునే సమయం కాదది.

ఇవేవీ లేవనుకుందాం.

చిన్నప్పుడు స్కూల్లో చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరిగెత్తే పందెం ఆడే ఉంటారు. భుజం కీలు అచ్చం అదే. జబ్బ ఎముక తల నిమ్మకాయ, రెక్క ఎముక మీదుండే గుంట చెంచా. తుంటి కీలులో బంతి లోతైన గిన్నెలో కూర్చుంటుంది, భుజంలో ఆ లోతు లేదు. అందుకే చెయ్యి ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, అందుకే అంత తేలిగ్గా జారుతుంది కూడా. పందెంలో నిమ్మకాయ పడకుండా మణికట్టు ఎలా సర్దుకుంటూ ఉంటుందో, ఇక్కడ ఆ పని నాలుగు కండరాలు చేస్తాయి. సుప్రాస్పైనేటస్ పైన, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్ వెనక, సబ్‌స్కాపులారిస్ ముందు. నాలుగూ కలిపి రొటేటర్ కఫ్. వీటి టెండన్లు జబ్బ ఎముక తలను చుట్టూ పట్టుకుని ఉంటాయి.

మీ రిపోర్టులో ఉన్న పార్షియల్ టియర్ అంటే ఆ పై టెండన్‌లో కొంత మందం మేర పోగులు లేచాయని. కట్టీ కట్టీ పాతబడ్డ పంచె అంచు చూడండి, పోగులు లేస్తాయి గానీ పంచె రెండు ముక్కలు కాదు. ‘టియర్’ అన్న మాట వినగానే జనం మనసులో తాడు ఫట్‌మని తెగిన బొమ్మ పడుతుంది. పెదజాలరిపేట నుంచి ఒక వాలీబాల్ ఆటగాడు రిపోర్టు పట్టుకుని వచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా, “తాడు తెగిపోనాదంట సార్, ఇంక వల లాగలేనేటి?” అని అడిగాడు. ఆయన పని సముద్రం మీద, ఆట సాయంత్రం ఇసుకలో. చెయ్యి ఎత్తమంటే పూర్తిగా ఎత్తాడు, బలం కొంచెం తగ్గింది, అంతే. నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ స్మాష్ కొడుతున్నాడు, వలా లాగుతున్నాడు. మళ్లీ ఎంఆర్ఐ తీయించలేదు, తీయిస్తే ఆ పోగులు అలాగే కనిపించినా ఆశ్చర్యపోను.

ఎందుకంటే రిపోర్టులో ఉన్నదంతా నొప్పికి కారణం కాదు. చెయ్యి పైకెత్తి ఆడే ఆటల్లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకి, నొప్పి అనేదే లేనివాళ్లకి కూడా, ఎంఆర్ఐ తీస్తే ఇలాంటి పార్షియల్ టియర్లు కనిపిస్తాయి. వయసుతో తల నెరిసినట్టే టెండనూ అరుగుతుంది. మీకు ఆరు వారాల క్రితం ఆ టెండన్ బాగానే ఉండి ఒక్క త్రోతో చిరిగిందో, అప్పటికే పోగులు లేచి ఉన్న టెండన్ ఆ రోజు కోపగించుకుందో సినిమా చూసి ఎవరూ చెప్పలేరు. (మా దగ్గర పెద్దవాళ్లు ఎంఆర్ఐ ఫిల్మ్‌ని సినిమా అనే అంటారు, నాకూ అలవాటైపోయింది.)

మరి ఆ రోజే ఎందుకు జరిగింది? ఇది కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే మీరు చేయబోయే వ్యాయామాలకి అర్థం ఇందులోనే ఉంది.

త్రో కొట్టేటప్పుడు చెయ్యి వేగంగా ముందుకి వస్తుంది. బేస్‌బాల్ పిచర్ల మీద కొలిచి చూశారు: బంతి వదిలే సమయానికి భుజం కీలు లోపలికి తిరిగే వేగం సెకనుకి సుమారు 7,000 డిగ్రీలు. మనమంత వేగంగా విసరం గానీ సూత్రం ఒకటే. లెదర్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, అది చేతిలోంచి వెళ్లిపోతుంది. చెయ్యి మాత్రం ఎక్కడికీ వెళ్లదు, దాన్ని ఎవరో ఒకరు ఆపాలి. ఆ బ్రేకు వేసేది భుజం వెనకున్న చిన్న కండరాలు. హనుమంతవాక దిగువలో లోడు లారీ ఊహించుకోండి. ఇంజను ఎంత గట్టిదైనా లాభం లేదు, బ్రేకులే కావాలి. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు ఛాతీ, ముందు జబ్బ బాగా పెంచుతారు, అంటే ఇంజను పెంచుతారు. వెనక కండరాల మొహం చూసేవాడు ఉండడు.

రెండోది, త్రోకి కావలసిన శక్తిలో సగం దాకా కాళ్లు, నడుము నుంచి రావాలి. మీరు వారంలో ఐదు రోజులు కుర్చీలో వంగి కూర్చుంటారు, ఆదివారం ఆరున్నరకి బండి దిగి నేరుగా గ్రౌండ్‌లోకి వెళ్తారు. వార్మప్ అంటే రెండుసార్లు చెయ్యి గుండ్రంగా తిప్పడం. గంటసేపు డీప్‌లో నిలబడతారు, బంతి రాదు, ఒళ్లు చల్లబడుతుంది. హఠాత్తుగా బంతి వస్తుంది, పరిగెత్తి వంగి తీసి, కాలు సర్దుకునే టైము లేక, మొత్తం భారం భుజం మీద వేసి విసురుతారు. నా దగ్గరికి వచ్చే వారాంతపు క్రికెటర్లలో ఎక్కువమంది చెప్పే కథ ఇదే, గ్రౌండ్ పేరొక్కటే మారుతుంది. ఎంత చెప్పినా ఆ పావుగంట వార్మప్‌కి మాత్రం ఎవరూ రారు.

ఇక మీకొచ్చిన మూడు సలహాల సంగతి.

ఆపరేషన్. బ్రిటన్‌లో ఒక ట్రయల్ చేశారు, 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మూడు నెలలకి పైగా భుజం నొప్పి ఉన్న 313 మందిని తీసుకుని, కొందరికి కీహోల్ పద్ధతిలో ఎముక కింద గీకి జాగా పెంచే ఆపరేషన్ చేశారు, కొందరికి కెమెరా పెట్టి చూసి మూసేశారు, కొందరికి ఏమీ చేయలేదు. గీకినవాళ్లకీ ఊరికే చూసి మూసినవాళ్లకీ ఫలితంలో తేడా రాలేదు. ఏమీ చేయనివాళ్ల కన్నా వీళ్లకి కాస్త మెరుగు కనిపించింది గానీ, రోగికి తెలిసేంత పెద్ద తేడా కాదది. అలాగని ‘భుజం ఆపరేషన్లన్నీ దండగ’ అని దీన్ని పట్టుకుని వాదించకండి. అది గీకే ఆపరేషన్ గురించి మాత్రమే. తెగిన టెండన్ కుట్టడం వేరు, మళ్లీ మళ్లీ జారే భుజాన్ని బిగించడం వేరు. మీ డాక్టరు గారు ఏ ఆపరేషన్ అన్నారో మీరు రాయలేదు. వెళ్లి ఈ మూడు ప్రశ్నలు అడగండి: చిరుగు టెండన్ మందంలో సగం కన్నా ఎక్కువా, తక్కువా? మూడు నెలలు వ్యాయామం చేసి చూస్తే నష్టమేమైనా ఉందా? ఆపరేషన్ తర్వాత మళ్లీ త్రో కొట్టడానికి ఎన్ని నెలలు? మంచి సర్జన్లెవరూ ఈ ప్రశ్నలకి విసుక్కోరు. రెండో అభిప్రాయానికి ఖర్చు భారమైతే విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఆర్థో (ఎముకల విభాగం) ఓపీ ఉంది, ఒక పూట పోతుంది, అంతే.

అయితే ఆలస్యం చేయకూడని సందర్భం ఒకటుంది. అది నేను నా తప్పు వల్ల నేర్చుకున్నాను. పదేళ్ల కిందటి మాట. ఉక్కునగరం నుంచి 54 ఏళ్ల షటిల్ ఆటగాడు వచ్చారు. కోర్టులో జారి చెయ్యి ఆనించి పడ్డారు. చెయ్యి సగానికి మించి లేవట్లేదు. నొప్పి వల్ల ఎత్తలేకపోతున్నారనుకున్నాను. ఆయన కూడా “స్కానింగులూ అవీ వద్దండీ, మీరే చూసేయండి” అన్నారు. ఆరు వారాలు వ్యాయామం చేయించాను. నొప్పి చక్కగా తగ్గింది. చెయ్యి మాత్రం లేవలేదు. అప్పుడు స్కాన్ తీయిస్తే టెండన్ పూర్తిగా తెగి వెనక్కి లాక్కుపోయి ఉంది. సర్జన్ కుట్టారు గానీ, మొదటి రెండు మూడు వారాల్లో వచ్చి ఉంటే పని సులువయ్యేదన్నారు. ఆయన ఇప్పుడు ఆడుతున్నారు, స్మాష్ లేకుండా. కనిపించినప్పుడల్లా నవ్వుతూనే పలకరిస్తారు, నాకే ఎలాగో ఉంటుంది. అప్పటినుంచి నలభై దాటినవాళ్లు పడ్డాక చెయ్యి ఎత్తలేకపోతున్నారంటే మొదటి వారంలోనే సర్జన్ దగ్గరికి పంపేస్తున్నాను.

రెస్ట్. మొదటి వారం పది రోజులు త్రోలు, బరువులు ఆపడం సరైనదే. మీకు ఆరు వారాలు ఎప్పుడో దాటాయి. టెండన్ పని పడితేనే గట్టిపడుతుంది. ఊరికే ఉంచితే నొప్పి తగ్గుతుంది, బలం కూడా తగ్గుతుంది. మూడు నెలల తర్వాత ‘తగ్గిపోయింది’ అనుకుని మొదటి త్రో కొట్టగానే మళ్లీ అదే చురుకు.

నాటు కట్టు. నాన్నగారితో గొడవ పెట్టుకోకండి, ఒకటే మాట చెప్పండి: కట్టు అనేది విరిగిన ఎముక కదలకుండా ఉంచడానికి, నాకు విరిగింది ఎముక కాదు. ఆకు పసరు వేసి చెయ్యి ఒంటికి కట్టేసి మూడు వారాలుంచిన కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చాడు. అసలు దెబ్బ చిన్నదే, దాని కన్నా బిగుసుకుపోయిన కీలుని విడదీయడానికే రెండు నెలలు తిప్పలు పడ్డాం. నూనె రాసి పైపైన మర్దన చేయించుకుంటే తప్పులేదు, హాయిగా ఉంటుంది. మెలితిప్పి ‘టక్’మనిపించేవాళ్ల దగ్గరికి మాత్రం వద్దు.

ఇంజెక్షన్ గురించి మీరు అడగలేదు గానీ రేపు ఎవరో ఒకరు అంటారు. స్టిరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు నొప్పి తగ్గిస్తుంది. రాత్రి నిద్రే లేనివాళ్లకి ఒకటి వేయించి, ఆ ఊరట ఉన్నప్పుడు వ్యాయామం మొదలుపెట్టడం మంచి పద్ధతే. వేయించుకుని ఆదివారం గ్రౌండ్‌కి వెళ్లడం మాత్రం పొగ వస్తుంటే అలారం వైరు పీకేసినట్టు. పదే పదే వేయిస్తే టెండన్ బలహీనపడుతుంది. షుగరు ఉన్నవాళ్లకి కొన్ని రోజులు రీడింగులు పెరుగుతాయి, ముందే డాక్టరుకి చెప్పాలి. నొప్పి మాత్ర వేసుకుని ఆడటమూ ఇదే కోవ, దానికి తోడు కడుపు, కిడ్నీల మీద భారం.

ఇప్పుడు అసలు పని. రూలు ముందు: వ్యాయామం చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి రావాలి. మూడు లోపు నొప్పి ఉంటే భయపడి ఆపేయకండి. పొద్దుటికీ సలుపుతుంటే ముందురోజు ఎక్కువ చేశారన్నమాట, తగ్గించండి.

మొదటి రెండు వారాలు కదలకుండా చేసే బలం. గోడ పక్కన నిలబడి, మోచెయ్యి ఒంటికి ఆనించి ముందుకి మడిచి, చేతి వెనక వైపుతో గోడని బయటికి నెట్టండి. చెయ్యి కదలదు, కండరం బిగుస్తుంది. 30 సెకన్లు, ఐదుసార్లు. తర్వాత అటు తిరిగి అరచేతి వైపుతో అంతే. దీంతో నొప్పి కూడా తగ్గుతుంది, చాలామంది నమ్మరు. దాంతోపాటు టేబుల్ మీద ఎడమ చెయ్యి ఆనించి ముందుకి వంగి, కుడి చెయ్యి గుడి గంటలో నాలుకలా వేలాడదీసి మెల్లగా ఊపండి, రెండు నిమిషాలు.

మూడో వారం నుంచి రబ్బరు బ్యాండు. ఒక కొస కిటికీ చువ్వకి కట్టండి. చంకలో తువ్వాలు చుట్టి పెట్టుకోండి, మోచెయ్యి దాన్ని నొక్కుతూ ఉండాలి. తలుపు బయటికి తెరిచినట్టు చెయ్యి బయటికి తిప్పండి. ఇక్కడ అందరూ చేసే తప్పొకటి చెప్తాను. బయటికి లాగి, తర్వాత బ్యాండు లాక్కుపోతుంటే వదిలేస్తారు. వెనక్కి వచ్చేటప్పుడే మూడు అంకెలు లెక్కపెడుతూ రావాలి. అదే బ్రేకు, మీ భుజానికి రానిది అదే. పన్నెండుసార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. బ్యాండు తేలికైతే మందం పెంచండి.

దాంతోపాటు బ్యాండు రెండు చేతులతో ఛాతీ వైపు లాగుతూ రెక్క ఎముకలు వెనక్కి దగ్గరికి తేవడం, గోడకి చేతులు ఆనించి పుషప్‌లు. పక్కనుంచి చెయ్యి లేపే వ్యాయామానికి డంబెల్ కొనక్కర్లేదు, నిండా పోసిన అర లీటరు బాటిల్ అంటే అర కిలో. ఐదారు వారాలకి లీటరు బాటిల్. కుడి చెయ్యి ఛాతీ మీదుగా ఎడమ వైపుకి తెచ్చి, ఎడమ చేత్తో మోచెయ్యి దగ్గర పట్టుకుని లాగి 30 సెకన్లు ఆగండి. విసిరేవాళ్లకి భుజం వెనక బిగుసుకుపోతుంది, దాన్ని వదిలించడానికి ఇది.

భుజానికి దెబ్బ తగిలిందని కాళ్లకి సెలవివ్వకండి. గుంజీలు, మెట్లు, కైలాసగిరి ఎక్కడం, ఏదైనా సరే.

రోజువారీ విషయాల్లో ముఖ్యమైనది నిద్ర. ఎడమ పక్కకి తిరిగి పడుకుని, గుండెల దగ్గర ఒక దిండు పెట్టుకుని కుడి చెయ్యి దాని మీద వేయండి. వెల్లకిలా అయితే మోచేతి కింద చిన్న దిండు. మౌస్ దగ్గరగా పెట్టుకోండి, చెయ్యి చాపి పనిచేయొద్దు. ట్రాఫిక్‌లో బండి మీద ముప్పావుగంట హ్యాండిల్ పట్టుకుని భుజాలు చెవులకి ఆనేలా బిగించుకుంటారు చాలామంది, సిగ్నల్ పడ్డప్పుడల్లా వదులు చేయండి. సిటీ బస్సులో అయితే పై రాడ్డు ఎడమ చేత్తో. ఐసా, కాపడమా అంటారా, దెబ్బ తగిలిన రెండు మూడు రోజులు ఐస్, ఇప్పుడు మీకు ఏది హాయిగా ఉంటే అది. రెండూ నయం చేయవు, ఊరటనిస్తాయి.

అసలు ప్రమాదం ఆరో వారం నుంచి ఎనిమిదో వారం మధ్యలో. నొప్పి దాదాపు పోతుంది. చొక్కా సులువుగా తొడుక్కుంటారు, రాత్రి నిద్ర పడుతుంది. టెండన్ బలం మాత్రం ఇంకా సగం దారిలో ఉంటుంది. నా దగ్గర మానేసేవాళ్లలో ఎక్కువమంది సరిగ్గా అప్పుడే మానేస్తారు. మళ్లీ ఫోన్ వచ్చేది ఆదివారం మధ్యాహ్నం. గొంతు వినగానే తెలిసిపోతుంది.

అందుకే త్రో మొదలుపెట్టడానికి తేదీ కాదు, పరీక్ష కావాలి. చెయ్యి రెండు వైపులా సమానంగా లేవాలి. కుడి పక్కకి తిరిగి పడుకోగలగాలి. ఒకే బ్యాండుతో ఎడమ చెయ్యి ఎన్నిసార్లు తిప్పగలదో కుడి చెయ్యీ దాదాపు అన్నిసార్లు తిప్పాలి. ఇవి దాటాక, మీ విషయంలో బహుశా పదో వారానికి, పది మీటర్ల నుంచి మెల్లగా 20 త్రోలు. రోజు విడిచి రోజు. రెండుసార్లు ఇబ్బంది లేకుండా గడిస్తేనే తర్వాతి మెట్టు: 15 మీటర్లు, తర్వాత పిచ్ పొడవు 20 మీటర్లు, 30, 40. దూరం పెంచిన రోజు వేగం పెంచకూడదు. త్రోల రోజు జిమ్‌లో భుజం వ్యాయామం వద్దు. బౌండరీ దూరం 60 మీటర్లనుకున్నా, అక్కడికి చేరేసరికి ఇంకో ఐదారు వారాలు పడుతుంది. అందుకే సంక్రాంతి అన్నాను. మూడు నెలలు ఇలా నిజాయితీగా చేశాక కూడా రాత్రి నొప్పి అలాగే ఉంటే, బలం రాకపోతే అప్పుడు ఆపరేషన్ మాట మళ్లీ ఎత్తుదాం. అది ఓడిపోవడమేమీ కాదు. సచిన్ టెండూల్కర్‌కీ 2006లో భుజం ఆపరేషన్ అయింది, ఆ తర్వాత ఎన్నేళ్లు ఆడాడో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ ప్రశ్న కింద ఇంకొందరు తమ నొప్పులు రాశారు, వాళ్లకి క్లుప్తంగా.

కబడ్డీలో తమ్ముడికి గూడ జారిందని, స్నేహితులే లాగి ఎక్కించారని రాసినవారికి: ఇంకోసారి అలా చేయనివ్వకండి. ఎముక విరిగి ఉంటే లాగడంతో పెద్దదవుతుంది, నరం నలిగే ప్రమాదమూ ఉంది. జబ్బ బయటి వైపు మొద్దుబారిందేమో చూడండి, ఎక్స్‌రే ఇప్పుడైనా తీయించండి. 2021 మార్చిలో పుణే వన్డేలో బంతి కోసం దూకి శ్రేయస్ అయ్యర్ ఎడమ భుజం పక్కకి తప్పింది, ఆపరేషన్ దాకా వెళ్లింది. ఇరవై లోపు వయసులో ఒకసారి జారితే మళ్లీ జారే అవకాశం సగానికి పైనే, కాబట్టి కబడ్డీ కొనసాగించాలంటే సర్జన్ని కలవడం వాయిదా వేయకండి.

షటిల్ ఆడే 48 ఏళ్ల మేడమ్ గారికి: షుగరు ఉంది, వెనక జడ వేసుకోలేకపోతున్నాను, ఎవరు ఎత్తినా చెయ్యి లేవట్లేదు అన్నారు. ఇది ఆటలో దెబ్బలా లేదు, భుజం పట్టేసే ఫ్రోజెన్ షోల్డర్‌లా ఉంది. షుగరు ఉన్నవాళ్లకి ఎక్కువగా వస్తుంది, తగ్గడానికి ఏడాది పైనే పట్టొచ్చు. పైన రాసిన వ్యాయామాలు మీకు పనికిరావు, నొప్పి పెట్టేలా బలవంతంగా అసలు సాగదీయించుకోకండి, విడిగా చూపించుకోండి.

మళ్లీ మీ టోర్నమెంట్. ఇప్పుడు సెప్టెంబరు మధ్యలో ఉన్నాం, రేపే మొదలుపెడితే డిసెంబరు రెండో వారానికి సరిగ్గా పన్నెండు వారాలు. నవంబరులో నెట్స్‌లో బ్యాటింగ్ మొదలుపెట్టండి, ముందు డిఫెన్స్, తర్వాత స్వీప్, పుల్. మ్యాచ్‌లో స్లిప్ గానీ షార్ట్ కవర్ గానీ అడగండి. బంతి దొరికితే కింది చేత్తో దగ్గర్లో ఉన్నవాడికి ఇచ్చేయండి, డైవ్ చేయకండి. కెప్టెన్ ఇప్పుడే తెలుసుకుంటే మంచిది, టాస్ అయ్యాక చెప్తే మిమ్మల్ని డీప్ మిడ్‌వికెట్‌కే పంపుతాడు. నాలుగు వారాలు అయ్యాక బ్యాండు ఎంత మందం దాకా వచ్చారో, రాత్రి నిద్ర ఎలా ఉందో ఇక్కడే రాయండి, చూసి తర్వాతి సంగతి చెప్తాను.